గురి తప్పని విశ్వవిద్యాలయం

మా విశ్వవిద్యాలయంలో నిలబడి ఏదైనా విసరడం నిషేధమని నాకు తెలిసేసరికి నేను క్యాంటీన్ ముందు నిలబడి, అరటిపండు తొక్కను చెత్తడబ్బాలో వేయబోతున్నాను. కాపలాదారు లచ్చన్న పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, నిలబడి ఎయ్యొద్దంట. ఉరుక్కుంట ఎయ్యాలంట. పొద్దుగాల ఆర్డరొచ్చింది."

నేను ఆ విశ్వవిద్యాలయానికి వ్యాయామ విద్యా సంచాలకుణ్ణి, అందరూ పి.డి. అంటారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఉత్తర్వులను శిరసావహిస్తున్న మనిషిని. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, పరుగెత్తుకుంటూ వచ్చి తొక్క విసిరాను. అది డబ్బా దాటిపోయి చరిత్ర శాఖాధిపతి టీ గ్లాసులో పడింది. ఆయన కోప్పడలేదు. ఆయనకూ ఆర్డరు అందే ఉంటుంది. నా వంక సానుభూతిగా చూసి, ఇంకో టీ చెప్పుకున్నారు.

ఆ ఉత్తర్వు అమెరికాలో పుట్టింది. మా వీసీ మార్కండేయరావు గారు అక్కడి విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకురావడానికి వెళ్ళారు. ఒప్పందం కుదరలేదు. ఊరికే పంపిస్తే బాగుండదని వాళ్ళు ఆయన్ను ఆటకు తీసుకెళ్ళారు. ఆ ఆట పేరు ఫుట్‌బాల్. బంతి మాత్రం పీచు తీయని కొబ్బరికాయలా కోలగా ఉంటుంది, దాన్ని కాళ్ళతో కాక చేత్తో విసురుతారు. పేరుకీ పనికీ పొంతన ఉండాలన్న పట్టింపు మాకూ లేదు కాబట్టి వీసీ గారికి అందులో వింతేమీ కనిపించలేదు.

ఆట మొత్తంలో ఆయనకు అర్థమైంది ఒక్క మనిషి సంగతి. వాడు బంతి పట్టుకుని అటూ ఇటూ పరుగెడుతుంటాడు. ఎద్దుల్లాంటి మనుషులు నలుగురైదుగురు వాణ్ణి పడగొట్టడానికి మీదికొస్తుంటారు. వాడు పరుగు ఆపకుండానే బంతి విసురుతాడు. అది ఎక్కడో దూరాన పరుగెడుతున్న తన జట్టువాడి చేతుల్లో పడుతుంది. లక్షమంది లేచి అరుస్తారు. వీసీ గారు పక్కనున్న ఆయన్ను అడిగారట, ఎవరండీ ఆ అబ్బాయి అని. క్వార్టర్‌బ్యాక్ అన్నాడాయన. అతని గొప్పతనం ఏమిటి అని అడిగారట. పరుగెడుతూ కూడా గురి తప్పడు అని జవాబు.

అంతే, వీసీ గారికి ఆ పిచ్చి పట్టుకుంది. విమానం దిగేసరికి సూట్‌కేసులో బట్టలకు బదులు బంతులున్నాయి.

మర్నాడు పొద్దునే ఆర్డరిచ్చి, మధ్యాహ్నం సెనేట్ హాల్లో సమావేశం పెట్టారు. వీసీ గారు బంతిని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని మాట్లాడారు. "మిత్రులారా, చలన స్థితిలో కచ్చితత్వం అనేది నూతన విజ్ఞాన సమాజానికి మూలస్తంభం. నిలబడి ఎవరైనా విసరగలరు. నిలబడి విసరడం అనేది వలస పాలన మనకు మిగిల్చిన అవలక్షణం. అందుకే ఈ ఉదయం నుంచి మన ప్రాంగణంలో చలన రహిత ప్రక్షేపణను సంపూర్ణంగా నిషేధించాను."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను చెయ్యెత్తి ఒక సందేహం అడిగాను. "సార్, మీదికి ఎవరూ రానప్పుడు క్వార్టర్‌బ్యాక్ కూడా నిలబడే విసురుతాడండీ. తప్పనిసరైతేనే పరుగు. పరుగులో గురి తగ్గుతుంది కదా."

"తగ్గకుండా ఉత్తర్వులు జారీ చేద్దాం" అన్నారు వీసీ గారు.

పరీక్షల నియంత్రణాధికారి పురుషోత్తమాచార్యులు గారు వెంటనే దాన్ని రాసుకున్నారు. ఆయన గురించి ఒక మాట చెప్పాలి. ప్రపంచంలో ఏ వస్తువునైనా ఆయన శాతాల్లోనే చూస్తారు. ఒకసారి వాళ్ళింట్లో భోజనానికి పిలిచి, పప్పులో ఉప్పు ఎంత శాతం సంతృప్తికరంగా ఉందని అడిగారు. అలాంటి మనిషి చేతికి గురి దొరికింది.

ఇక్కడే మా విశ్వవిద్యాలయం పద్ధతి కూడా చెప్పుకోవాలి. మా దగ్గర విద్యార్థికి రావలసినవన్నీ వస్తాయి. రావనే మాట అబద్ధం. మొదటి సంవత్సరం స్కాలర్‌షిప్ మూడో సంవత్సరం పరీక్షలు రాసి వెళ్ళిపోయాక హాస్టల్‌కు వస్తుంది. హాల్ టికెట్ దిద్దుబాటు పరీక్ష అయ్యాక వస్తుంది. చలికాలంలో అడిగిన దుప్పటి ఎండాకాలంలో వస్తుంది. చిరునామా మాత్రం ఎప్పుడూ తప్పదు.

సరే, జట్టు కావాలి. అందులోకి క్వార్టర్‌బ్యాక్ కావాలి. జట్టులో ఉన్నవాళ్ళకు సి-బ్లాకు హాస్టల్లో మంచం ఇస్తామన్నారు. అర్హత పరీక్షకు నాలుగు వందల మంది వచ్చారు. పరుగెత్తుకుంటూ టైరులోంచి బంతి వేయమన్నాను. ఒకడి బంతి గోడ దాటి రోడ్డు మీద పోయే సోడాబండి మీద పడింది. ఒకడు బంతిని వదలడం మరిచిపోయి తనే టైరులోకి దూరాడు. సాయంత్రానికి నాకు మిగిలింది మెడ నొప్పి.

ఆ సాయంత్రం ఇంటికి పోదామని బస్టాండుకు వెళ్ళాను. మా బస్టాండు గురించి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. బస్సు గేటులోకి వంపు తిరుగుతుండగానే జనం దాని వెంట పడతారు. ఎక్కడానికి కాదు, కిటికీలోంచి తువ్వాలో, చేతిరుమాలో సీటు మీదికి విసరడానికి. ఎవరి తువ్వాలు పడితే ఆ సీటు వాళ్ళది. దాన్ని తీసి పక్కన పెట్టి కూర్చునే ధైర్యం ఎంత పెద్దమనిషికీ ఉండదు. ఆస్తి పత్రాలను కాదన్నవాళ్ళున్నారు గాని సీటు మీద తువ్వాలును కాదన్నవాళ్ళు మా ప్రాంతంలో లేరు.

బక్కపలచటి కుర్రాడొకడు బస్సు పక్కన పరుగెడుతున్నాడు. చేతిలో మూడు తువ్వాళ్ళు, బరువు కోసం ఒక్కో కొసకు ముడి. డ్రైవరు బస్సును మలుపు తిప్పుతున్నాడు, జనం తోస్తున్నారు, వీడు పరుగు ఆపకుండా ఒకదాని వెంట ఒకటి వేశాడు. మూడూ మూడు కిటికీల్లోంచి పోయి మూడు సీట్ల మీద పడ్డాయి. వెనకాల నిలబడ్డ ముగ్గురు ముసలమ్మలు "మా బంగారి బిడ్డ" అంటూ నింపాదిగా బస్సెక్కారు.

ఎక్కవలసిన బస్సు సంగతి మరిచిపోయాను. వెళ్ళి వాడి రెక్క పట్టుకున్నాను. పేరు దుర్గం తిరుపతి. మా దగ్గరే బీఏ మొదటి సంవత్సరం.

"పొద్దున పరీక్షకు ఎందుకు రాలేదురా?"

"బస్సు లేటైంది సార్. మా ఊరికెల్లి వచ్చేసరికి రోజూ మొదటి రెండు పీరియడ్లు పోతయ్. అటెండెన్సు పడ్తలేదు. గిట్లయితే పరీక్ష రాయనియ్యరంట, సదువు బందు పెట్టుమంటుండు మా నాయిన."

"హాస్టల్లో చేరలేకపోయావా?"

"సీట్లు లేవన్నరు సార్."

మంచం దొరికితే వాడి చదువు సాగుతుంది, దొరకకపోతే ఆగిపోతుంది. సంగతి అంత తేలిక. నేను వాణ్ణి మర్నాడు మైదానానికి పిలిచి బంతి ఇచ్చాను. కుడివైపు పరుగెత్తి వేశాడు, టైరులోంచి పోయింది. ఎడమవైపు పరుగెత్తి వేశాడు. కుడిచేతివాటం వాళ్ళకు అది కష్టం, నడుము ఎదురు తిప్పుకోవాలి. అదీ పోయింది. వాడి స్నేహితుడు జాడి రాజలింగును దూరంగా పరుగెత్తమంటే వాడికీ వేశాడు. బంతి ముందు పోయి, గాలిలో నెమ్మదించి, రాజలింగు అక్కడికి చేరుకునే సమయానికి వాడి చేతుల్లో వాలింది.

"ఎట్లా వేస్తున్నావురా?"

"ఏమున్నది సార్, కాళ్ళు ఎటన్న పోనీ, భుజం మాత్రం వాని దిక్కే ఉండాలె. ఇగ వాడున్నకాడికి ఎయ్యొద్దు. వాడు పోయేకాడికి ఎయ్యాలె. బస్సు కూడ గంతే గద సార్. కిటికీ ఉన్నకాడికి ఏస్తే రేకుకు తాకుతది."

వాడికి సి-బ్లాకులో పద్నాలుగో గదిలో మంచం ఇప్పించాను. మొదటి రోజు వాడు ఆ మంచం మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని చూశాడు. తెల్లారి మొదటి పీరియడ్‌కు అందరికంటే ముందు క్లాసులో ఉన్నాడు.

నెల తిరిగేసరికి ఆచార్యులు గారు మూల్యాంకన విధానం ఖరారు చేశారు. గురి అరవై శాతం కంటే తక్కువైతే మంచం రద్దు. గురిని కొలిచే పద్ధతి కూడా ఆయనే కనిపెట్టారు. బంతి చేతిని వదిలిన క్షణంలో ఆచార్యులు గారు ఈల ఊదుతారు. ఆ క్షణంలో బంతి అందుకోవలసినవాడు ఎక్కడ ఉన్నాడో అక్కడ లచ్చన్న సున్నంతో గుండ్రంగా చుట్ట గీస్తాడు. బంతి వచ్చి ఆ చుట్టలో పడితే గురి కుదిరినట్టు, లేకపోతే తప్పినట్టు.

"మరి వాడు పరుగెడుతుంటాడు కదండీ. బంతి వచ్చేసరికి ముందుకు పోయి ఉంటాడు" అన్నాను.

"విసిరినప్పటి లక్ష్యమే అధికారిక లక్ష్యం. తదనంతర పరిణామాలు మూల్యాంకన పరిధిలోకి రావు" అన్నారు ఆచార్యులు గారు.

పరీక్ష రోజు వీసీ గారు షామియానా కింద కూర్చున్నారు. తిరుపతి పరుగెత్తాడు, విసిరాడు. ఈల మోగింది. లచ్చన్న ఆయాసపడుతూ పోయి చుట్ట గీశాడు. బంతి ఆ చుట్ట మీదుగా ఎగిరిపోయి, అవతల పరుగెడుతున్న రాజలింగు చేతుల్లో పడింది. విద్యార్థులు ఈలలేశారు. ఆచార్యులు గారు "సున్నా" అని రాసుకున్నారు. మళ్ళీ విసిరాడు, రాజలింగు పట్టాడు, మళ్ళీ సున్నా. అలా పది బంతులు విసిరితే పదీ రాజలింగు పట్టాడు. తిరుపతి గురి సున్నా శాతం.

తర్వాత అభినవ్ వచ్చాడు. ఆచార్యులు గారి మేనల్లుడు, మంచి పిల్లాడే, బంతి పట్టుకున్న తీరు మాత్రం వేడి గిన్నె పట్టుకున్నట్టుండేది. వాడు రాజలింగు ఉన్న చోటికే చూసి విసిరాడు. బంతి చేరేసరికి రాజలింగు పది గజాలు ముందుకు పోయాడు. బంతి ఎవరూ లేని చుట్టలో దబ్బున పడింది.

"అద్భుతం" అన్నారు వీసీ గారు. అభినవ్ గురి తొంభై శాతం.

నేను ఉండబట్టలేక షామియానా దగ్గరికి వెళ్ళాను. "సార్, తిరుపతి వేసినవి ఒక్కటి కూడా కింద పడలేదు. అభినవ్ వేసినవి ఒక్కటి కూడా ఎవరూ పట్టలేదు."

"పి.డి. గారూ, మీరు పట్టుకోవడాన్నీ గురినీ కలగాపులగం చేస్తున్నారు" అన్నారు వీసీ గారు నెమ్మదిగా. "పట్టుకోవడం లబ్ధిదారుడి బాధ్యత. పంపించడం వరకే సంస్థ బాధ్యత."

తిరుపతి పునర్మూల్యాంకనానికి దరఖాస్తు చేసుకున్నాడు. ముగ్గురు ప్రొఫెసర్లతో సంఘం వేశారు. వాళ్ళు వీడియో చూశారు, టీ తాగారు, మళ్ళీ వీడియో చూశారు. అందులో భౌతికశాస్త్రం ప్రొఫెసరు ఒకాయన "కదిలే వస్తువు విషయంలో..." అని మొదలుపెట్టారు గాని, మీ శాఖకు ప్రయోగశాల మంజూరు విషయం పెండింగులో ఉందని ఎవరో గుర్తు చేయడంతో బిస్కెట్ తీసుకున్నారు. సంఘం తీర్పు ఒక్క ముక్క. బంతి పట్టుకున్న మాట వాస్తవమే గాని, లక్ష్యం కాని చోట పట్టుకోవడం జరిగింది.

తప్పు ఎవరిదో తేల్చాలి కదా. రాజలింగుకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు. బంతి మీ నిమిత్తం బయలుదేరిన సమయంలో మీరున్న స్థలాన్ని విడిచి పరారైనందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదు అని. వాడు నోటీసు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"సార్, నేను ఆడ్నే నిలబడితె నన్ను గుద్ది పండవెడ్తరు. గది రాయొచ్చా?"

"రాయి" అన్నాను. రాశాడు. సమాధానం సంతృప్తికరంగా లేదన్నారు.

ఆ సాయంత్రం నేను తిరుపతిని పక్కకు పిలిచాను. వాణ్ణి చూస్తే నాకు జాలి, ఆచార్యులు గారిని తలచుకుంటే ఒళ్ళుమంట. కాని వీడి మంచం నిలబెట్టడం ముఖ్యం. "ఒరేయ్, ఇంకో అవకాశం ఇప్పిస్తాను. ఆ పది బంతులూ వాడున్న చోటికే వేసెయ్యి. పోయేదేముంది? మంచం ఉంటుంది, చదువు సాగుతుంది."

వాడు బంతిని చేతుల్లో ఒకసారి తిప్పాడు.

"గట్ల ఏస్తే రాజలింగు ఎనక్కి మర్లాలె సార్. ఉరికేటోడు ఎనక్కి మర్లితె ముంగటికెల్లి వచ్చేటోడు కనవడడు. పక్కబొక్కలు ఇరుగుతయ్. వాడు నన్ను నమ్మి ఉరుకుతుండు."

"పరీక్షలో ఎవరూ గుద్దరు కదరా."

"చెయ్యికి అలవాటైతది సార్" అన్నాడు.

అయినా ఇంకో అవకాశం ఇప్పించాను. రెండోసారీ సున్నా వచ్చింది. మంచం రద్దయింది. తిరుపతి పరుపు చుట్ట భుజాన వేసుకుని, బ్యాగు చేత పట్టుకుని, ఎవరితోనూ చెప్పకుండా నడిచి వెళ్ళాడు. గేటు దగ్గర లచ్చన్న ఆపి చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టాడట. నేను ఆ సమయానికి చలన కచ్చితత్వ వారోత్సవాల సన్నాహక సమావేశంలో ఉన్నాను.

వారోత్సవాలు ఘనంగా జరిగాయి. పథకాన్ని విశ్వవిద్యాలయమంతటికీ విస్తరించారు. లెక్చరర్లు వరండాలో పరుగెడుతూ కిటికీల్లోంచి నోట్సు విసిరారు. లైబ్రేరియన్ పుస్తకాలను అడిగినవాళ్ళకు పరుగెత్తుకుంటూ విసిరేవాడు. నిఘంటువు అడగడం జనం మానేశారు. హాస్టల్ మెస్‌లో వంట మనిషి సాంబారు విషయంలో స్పష్టత కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నాడు. ద్రవ పదార్థాలకు సడలింపు ఉంటుందని జవాబొచ్చింది, ఆయన రిటైరయ్యాక. స్నాతకోత్సవంలో ముఖ్య అతిథి వేదిక మీద ఆ చివరి నుంచి ఈ చివరకు పరుగెత్తుతూ పట్టాలు విసిరారు. పట్టభద్రుల్లో ఒక్కొక్కరి చుట్టూ సున్నం చుట్ట. బంగారు పతకాలు విసరబోయే సమయానికి ముందు వరసలో తల్లిదండ్రులు లేచి వెనక వరసల్లోకి వెళ్ళిపోయారు.

ఇక జట్టు. నిజం ఆటలో క్వార్టర్‌బ్యాక్‌ను అవతలివాళ్ళు తరమాలి. సాధనలో తరమడానికి నేను నలుగురిని పెడితే ర్యాగింగ్ నిరోధక సంఘం అభ్యంతరం చెప్పింది. ఒక విద్యార్థిని నలుగురు విద్యార్థులు తరమడం చట్టరీత్యా నేరం. చివరకు రాజీ కుదిరింది. తరిమేవాళ్ళు నడవాలి. దగ్గరికి వచ్చే ముందు తమ పేరు, హాల్ టికెట్ నంబరు చెప్పాలి. రాజలింగు ఉదంతం దృష్ట్యా బంతి అందుకునేవాళ్ళు ముందే గీసిన చుట్టల్లో కదలకుండా నిలబడాలి. ఆ విధంగా మా మైదానంలో అభినవ్ ఒక్కడే పరుగెత్తేవాడు. మిగతావాళ్ళు ఎండలో నిలబడి వాణ్ణి చూసేవాళ్ళు. అభినవ్ గురి తొంభై ఎనిమిది శాతానికి చేరింది. వీసీ గారు గోదారి అవతలి ఒడ్డున ఉన్న విశ్వవిద్యాలయాన్ని పోటీకి పిలిచారు.

మ్యాచ్ రోజు వాళ్ళ బస్సు వచ్చి ఆగింది. మొదట దిగినవాడు తిరుపతి.

వాళ్ళ పి.డి. నాకు పాత పరిచయస్తుడే. "ఏందన్నా, గిసొంటి పోరణ్ణి ఎట్ల ఇడిసిపెట్టినవ్?" అని అడిగాడు. వాణ్ణి ఎలా పరీక్షించారని నేనడిగాను. "పరీక్షేంది? ఎయ్యిమన్న, ఏసిండు. మావోడు పట్టిండు. మంచమిచ్చినం" అన్నాడు. ఆ విశ్వవిద్యాలయంలో ప్రమాణాలు ఎంత దిగజారాయో నాకు అప్పుడు తెలిసింది.

తిరుపతి నా దగ్గరికి వచ్చి నమస్తే పెట్టాడు. "అటెండెన్సు ఎంత పడిందిరా?" అన్నాను. "ఒక్క క్లాసు గూడ పోలె సార్" అన్నాడు. నాకు సంతోషమేసింది. దాన్ని ముఖంలో కనిపించకుండా తుడుచుకుని మా జట్టు వైపు వెళ్ళాను.

ఆట మొదలైంది. మా వాళ్ళు చుట్టల్లోకి వెళ్ళి నిలబడ్డారు. అభినవ్ పరుగెత్తి విసిరాడు. బంతి చుట్టలో ఉన్నవాడి ఛాతీ మీదికి వచ్చేలోగా అవతలివాడు నడుచుకుంటూ వచ్చి దాన్ని పట్టుకుని వెళ్ళిపోయాడు. మా వాడు కదలలేదు. ఈల మోగింది. గురి కుదిరింది అని మైకులో ప్రకటించారు. అవతలివాళ్ళు బంతితో మైదానం చివరి గీత దాటారు. వాళ్ళకు ఆరు పాయింట్లు.

తర్వాత తిరుపతి వంతు. మా వాళ్ళు నడుచుకుంటూ వెళ్ళి "నా పేరు రమణాకర్, హాల్ టికెట్..." అంటుండగానే వాడు బస్సు వెంట పడ్డట్టు పక్కకు పరుగు తీసి విసిరాడు. వాళ్ళ కుర్రాడు పరుగెత్తి అందుకుని గీత దాటాడు. లచ్చన్న వెనకాల చుట్ట గీశాడు. "గురి తప్పింది" అని మైకు. మళ్ళీ ఆరు పాయింట్లు. ఇది మధ్యాహ్నం దాకా సాగింది.

చివర్లో ఒకటి జరిగింది. తిరుపతి ఎడమవైపు పరుగెడుతున్నాడు. రాజలింగు తన చుట్టలో నిలబడి వాడి భుజం చూస్తున్నాడు. ఆ భుజం ఎటు తిరిగితే బంతి ఎక్కడికి పోతుందో లోకంలో వాడికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఉన్నట్టుండి వాడు చుట్ట దాటి పరుగందుకున్నాడు. బంతి వచ్చే చోటికి బంతి కంటే ముందే పోయి, అవతలివాడి చేతుల్లోంచి తన్నుకుపోయి, మైదానం పొడుగునా పరుగెత్తి గీత దాటాడు. మా విశ్వవిద్యాలయం మొట్టమొదటి ఆరు పాయింట్లు! విద్యార్థులు గోడలు దిగి మైదానంలోకి దూకారు. అవతలి జట్టులో ఉన్న తిరుపతి కూడా నవ్వుతూ చప్పట్లు కొట్టాడు. నేను ఎప్పుడు లేచానో తెలియదు, కుర్చీ మీద నిలబడి అరుస్తున్నాను.

ఆచార్యులు గారు మైకు అందుకున్నారు. "సదరు ఆరు పాయింట్లు నిర్దేశిత స్థానాన్ని విడిచిన విద్యార్థి ద్వారా సంక్రమించినందున విశ్వవిద్యాలయం వాటిని తిరస్కరిస్తున్నది."

రిఫరీ పరుగెత్తుకొచ్చాడు. "సార్, పాయింట్లు ఇచ్చేది నేను. వద్దనడానికి రూల్ లేదు. వద్దన్నవాళ్ళను ఇంతవరకు చూడలేదు."

"సంస్థకు విలువలుంటాయి" అన్నారు వీసీ గారు.

యాభై నాలుగు, సున్నా. ముగింపు సభలో వీసీ గారు గంటసేపు ప్రసంగించారు. "కేవలం పాయింట్లు చూసేవారికి ఇది ఓటమిలా తోచవచ్చు. శాస్త్రీయంగా చూడండి. మన గురి తొంభై ఎనిమిది శాతం. ప్రత్యర్థి గురి సున్నా. ఇంత భారీ వ్యత్యాసంతో ఏ విశ్వవిద్యాలయమూ గెలిచిన దాఖలా లేదు." అభినవ్‌కు శాలువా కప్పారు. వాడు దాన్ని తీసి మడిచి కుర్చీ మీద పెట్టి, వెళ్ళి తిరుపతి పక్కన కూర్చుని ఎడమవైపు పరుగులో నడుము ఎలా తిప్పాలని అడగడం నేను చూశాను. చెప్పాను కదా, మంచి పిల్లాడే.

మర్నాడు పత్రికలు తిరుపతి ఫొటో వేసి, ఈ బాణాన్ని వదులుకున్నదెవరు అని రాశాయి. పైనుంచి ఫోను వచ్చింది. వీసీ గారు ఫోను పెట్టేసి చెమట తుడుచుకుని, గంటలో ఉత్తర్వు తయారు చేయించారు. దుర్గం తిరుపతికి సి-బ్లాకు పద్నాలుగో గదిలో మంచం తక్షణమే పునరుద్ధరించడమైనది. ఉత్తర్వును పథకం నిబంధనల ప్రకారం అందజేయాలి.

అందరం సి-బ్లాకుకు వెళ్ళాం. వీసీ గారు, ఆచార్యులు గారు, ఫొటోగ్రాఫరు, నేను. లచ్చన్న మంచం చుట్టూ సున్నంతో చుట్ట గీశాడు. అటెండరు కవరు పట్టుకుని వరండా చివరి నుంచి పరుగెత్తుకొచ్చి, ఆగకుండా తలుపులోంచి విసిరాడు. ఆచార్యులు గారు ఈల ఊదారు. కవరు గాలిలో తిరిగి మంచం మధ్యలో వాలింది.

ఆ మంచం మీద పరుపు లేదు. అప్పటికే మరో రెండు కవర్లున్నాయి. ఒకటి తిరుపతి మొదటి సంవత్సరం స్కాలర్‌షిప్ మంజూరు. రెండోది వాడి ఊరి నుంచి రాకపోకలకు బస్సు పాసు.

"నూరు శాతం!" అన్నారు ఆచార్యులు గారు. ఫొటోగ్రాఫరు ఫొటో తీశాడు.

"సార్, తిరుపతి ఇక్కడ లేడు" అన్నాను. "గోదారి అవతల ఉన్నాడు. నిన్న మీ కళ్ళ ముందే మనల్ని ఓడించి వెళ్ళాడు."

వీసీ గారు ఖాళీ మంచం వంక చూశారు, మూడు కవర్ల వంక చూశారు, తర్వాత నా భుజం మీద చెయ్యి వేశారు.

"లేకపోవడం అతని లోపం, పి.డి. గారూ. మన గురి మాత్రం తప్పలేదు."